పిల్లని పెంచేది ఎవరో ముందు కనుక్కోండి

మీరు అడిగింది ఇది. క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. పూర్తయింది, ఆర్.సి.ఐ. (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ వచ్చింది. హైదరాబాదులో ఒక ఆసుపత్రి రమ్మంటోంది. అమలాపురం చుట్టుపక్కల మండలాల్లో పిల్లలతో, టీనేజీవాళ్ళతో పనిచేసే ఉద్యోగమూ చేతిలో ఉంది. పల్లెటూళ్ళో అసలు కేసులు వస్తాయా, వచ్చినవాళ్ళు రెండోసారి వస్తారా, చుట్టూ సాటి సైకాలజిస్టు ఒక్కరూ లేకుండా పనిచేస్తే నేర్చుకున్న విద్య మొద్దుబారిపోదా అని మీ సందేహాలు. నేనూ క్లినికల్ సైకాలజిస్టునే. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మధ్య ఊళ్ళలోనే చాలాకాలంగా పిల్లల్ని చూస్తున్నాను. కాస్త వివరంగానే రాస్తాను. ఉదాహరణల్లో పిల్లల గుర్తులు తెలియకుండా వివరాలు మార్చాను.

కేసులు ఉంటాయా అన్న బెంగ అక్కర్లేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా ఆ లెక్కే పట్టుకుని చూడండి, 400 మంది పిల్లలున్న హైస్కూల్లో ముప్పై మంది దాకా అవుతారు. వాళ్ళంతా ఎక్కడున్నారంటే, కడుపునొప్పి అని ఆరెంపీ దగ్గర, ఫిట్స్ అని కాకినాడ జనరల్ ఆసుపత్రి ఓపీలో, గాలి సోకిందని తాయెత్తు కట్టేవాడి దగ్గర, మొద్దు వెధవ అని ఆఖరి బెంచీలో ఉన్నారు. "మా వాడికి డిప్రెషనండీ" అని మీ దగ్గరికి ఎవరూ రారు. "అన్నం సరిగ్గా తినట్లేదండీ, నీరసపడిపోతున్నాడు, మంచి టానిక్కు రాయండి" అంటూ వస్తారు. ఆ టానిక్కు మాటని కొట్టిపారేయకండి. ఆకలి, నిద్ర, తలపోటు, గుండెదడ, ఇలా ఒంటి సంగతులతోనే మొదలుపెట్టండి. తిండీ నిద్రా గురించి పావుగంట శ్రద్ధగా అడిగిన మనిషి దగ్గర ఇంటి సంగతులు వాటంతట అవే బయటికొస్తాయి. మొదటి ప్రశ్నే మనసు గురించి వేస్తే, "మా పిల్లకి పిచ్చంటున్నారా" అని లేచి వెళ్ళిపోతారు.

నేను ముఖ్యంగా చెప్పదల్చుకున్నది ఒకటే. ఇక్కడ పిల్లని మీ దగ్గరికి తీసుకొచ్చేవాళ్ళు వేరు, పెంచుతున్నవాళ్ళు వేరు, నిర్ణయాలు తీసుకునేవాళ్ళు వేరు. ఈ ముగ్గురూ ఎవరెవరో తేలకుండా మీరు చేసే ఏ చికిత్సా ఆ ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్ళదు. మనకి చదువులో నేర్పినదంతా అమ్మా నాన్నా ఇద్దరూ ఎదురుగా కుర్చీల్లో కూర్చుని వింటారన్న ఊహ మీద నడుస్తుంది. కోనసీమ నుంచీ, అటు నరసాపురం వైపు నుంచీ ఆడవాళ్ళు కువైట్, ఒమన్, బహ్రెయిన్ దేశాలకీ, దుబాయ్‌కీ ఇంటిపనికి వెళ్ళడం దశాబ్దాలుగా ఉన్నదే. పిల్లలు అమ్మమ్మ దగ్గరో మామ్మ దగ్గరో పెరుగుతారు. డబ్బు ఖర్చు అమ్మ ఫోనులో తేలుస్తుంది. చదువు ఎక్కడన్నది మేనమామ తేలుస్తాడు. నాన్న ఊళ్ళోనే ఉన్నా కొన్ని ఇళ్ళలో ఆయన మాట చెల్లదు. అందుకే కొత్త కేసు కాగితం మీద నేను రాసే మొదటి మూడు లైన్లు: ఎవరి పక్కన పడుకుంటుంది, పొద్దున బడికి ఎవరు తయారుచేస్తారు, జ్వరమొస్తే ఆసుపత్రికి పద అని ఎవరంటారు. జబ్బు పేరు ఆ తర్వాతి సంగతి.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. రాజోలు వైపు ఊరు, ఎనిమిదో తరగతి. సరిగ్గా బడి టైముకి కడుపునొప్పి, వాంతి వచ్చేలా ఉండటం. ఆరెంపీ గ్యాస్ మాత్రలిచ్చాడు, ఇంజెక్షన్లు చేశాడు, సెలైన్ కూడా ఎక్కించాడు. అమలాపురంలో స్కానింగ్ తీయిస్తే ఏమీ లేదన్నారు. అమ్మమ్మ తీసుకొచ్చింది. నేను వాణ్ణి ఏమడిగినా జవాబు ఆవిడే చెబుతోంది, పాపం భయం కొద్దీ. కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. అల్లుడు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి పంటంతా పోతుంది కాబట్టి రాత్రిళ్ళు ఇంటికి రాడు, పగలు నిద్రపోతాడు. అంటే కుర్రాడు బడికి బయల్దేరే వేళకి ఇంట్లో వాడి మొహం చూసేది అమ్మమ్మ ఒక్కతే.

నొప్పి గురించి అడగడం మానేసి, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఈ పొద్దుటిదాకా ఏం చేశావో వరసగా చెప్పమన్నాను. పిల్లలకి "ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబు దొరకదు. "తర్వాత ఏమైంది" అంటే చెబుతూనే ఉంటారు. అప్పుడు తెలిసింది. యజమానింట్లో భోజనాలయ్యి, గిన్నెలు కడుక్కుని వాళ్ళమ్మ ఫోను పట్టుకునేసరికి అక్కడ రాత్రి పదిన్నర. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, మనకి ఒంటిగంట అన్నమాట. వీడు ఫోను దిండు కింద పెట్టుకుని అప్పటిదాకా మేలుకునే ఉంటాడు. మాట్లాడే పది నిమిషాల్లో సగం ఆవిడ ఏడుస్తుంది. ఫోను పెట్టేశాక వీడికి నిద్ర రాదు. ఏడింటికి అమ్మమ్మ లేపితే కడుపులో తిప్పుతుంది, నొప్పీ నిజంగానే వస్తుంది. దానికి తోడు హోంవర్కు చేయకుండా వెళ్ళిన రోజున క్లాసులో "మీకేంట్రా, కువైట్ డబ్బులు" అనే మాట ఒకటి.

శుక్రవారం సెలవు పూట వాళ్ళమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడాను. ఆవిడ అడిగిన మొదటి మాట, "నేను వచ్చెయ్యాలా అండీ?" ఈ ప్రశ్న మీకూ తరచుగా ఎదురవుతుంది. అవుననీ కాదనీ తొందరపడి చెప్పకండి. ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు ఉంటుంది, రెండేళ్ళ కాంట్రాక్టు ఉంటుంది, చాలాసార్లు పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది. ఇవేవీ తెలుసుకోకుండా "పిల్లాడికి తల్లి కావాలమ్మా" అనేస్తే ఆవిడకి మిగిలేది కుమిలిపోవడమే. మేము మాట్లాడుకున్నది ఫోను చేసే టైము గురించి. రాత్రి కాల్ ఆపేసి, మన ఏడున్నరకి, అంటే ఆవిడ అక్కడ ఐదింటికి లేవగానే, రెండు మూడు నిమిషాలు మాట్లాడాలి. టిఫిన్ ఏం తిన్నావు, ఈవేళ ఏ పరీక్ష, అంతే. మనసు విప్పి మాట్లాడుకునేది శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చాక. అమ్మమ్మకి చెప్పింది, నొప్పి అనగానే మంచం వెయ్యకుండా, కసరకుండా, బడికి తీసుకెళ్ళి దింపమని. హెడ్మాస్టరుగారితో మాట్లాడితే మొదట్లో మధ్యాహ్నం భోజనం దాకా ఉన్నా చాలని ఒప్పుకున్నారు. ఆరెంపీని కూడా కలిసి సెలైన్ వద్దని చెప్పాను. కుర్రాడు సంక్రాంతి నాటికి పూర్తిగా బడికి వెళ్తున్నాడు. పరీక్షలప్పుడు నొప్పి ఇప్పటికీ ఓ పూట వస్తుంది, అయినా వెళ్తాడు.

అమ్మమ్మల గురించి ఇంకొక మాట. వాళ్ళు రెండో తరాన్ని పెంచుతున్నారు, బీపీ, మోకాళ్ళ నొప్పులతో. పైగా పిల్లకేదైనా అయితే కూతురికి జవాబు చెప్పుకోవాలన్న భయం. కాబట్టి చికిత్సలో మొదటి పావుగంట వాళ్ళదే. "మామ్మగారూ, మీకు రాత్రి నిద్ర పడుతోందా" అని అడిగి చూడండి. ఇక్కడివాళ్ళు మర్యాదస్తులు, మీరేం చెప్పినా "ఆయ్, అలాగేనండీ" అంటారు. అన్నారు కదా చేస్తారని నమ్మి పంపేయకండి. "రేపు పొద్దున వాడు నొప్పి అన్నాడనుకోండి, మీరు ముందు ఏం చేస్తారు?" అని అడిగి, వాళ్ళ నోటితో చెప్పించుకోండి. అప్పుడే ఎక్కడ కుదరదో తెలుస్తుంది.

ఎక్కడ కూర్చుని చూడాలన్నది చిన్న విషయం కాదు. ఊళ్ళోకి వెళ్ళగానే ఎవరో పెద్దమనిషి "మా అరుగు మీద కూర్చోండమ్మా, ఫ్యానుంది" అంటారు. మర్యాదగా వద్దనండి. ఆ అరుగు పేటవాళ్ళు, అంటే దళితవాడవాళ్ళు, ఎక్కరు. పేటలో చర్చి వరండాలో కూర్చుంటే ఊళ్ళోవాళ్ళు రారు. సముద్రపు ఒడ్డు మత్స్యకారుల పాలెంవాళ్ళు ఈ రెండింటికీ రారు. విలేజ్ క్లినిక్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, జిల్లా పరిషత్ హైస్కూలు, ఇలా అందరికీ ఎలాగూ పని పడే చోట్లే మీకు మంచివి. "మీ ఇంటిపేరేంటండీ" అని మొదటిరోజే అడుగుతారు, ఎందుకో మీకు తెలుసు. నేను చెప్పేసి వెంటనే పనిలోకి దిగుతాను. కానీ పిల్లల దగ్గర మీరు ఫలానావాళ్ళ మనిషి అన్న అనుమానం పుట్టనివ్వకూడదు. ఇంటర్ వయసు పిల్లల ప్రేమ గొడవల్లో, ఇంట్లో దెబ్బల్లో కులం చాలాసార్లు కథ మధ్యలోనే ఉంటుంది. ఆ అనుమానం ఉంటే ఆ ఒక్క ముక్క తప్ప మిగతావన్నీ చెబుతారు.

రోజులు కూడా చూసుకోవాలి. బుధవారం టీకాల రోజు, చిన్నపిల్లల తల్లులందరూ ఒకచోటికి వస్తారు, మాట రాని పిల్లలు మీకు అక్కడే దొరుకుతారు. సంత రోజున ఊళ్ళవాళ్ళు పెద్ద ఊరికి ఎలాగూ వస్తారు, మళ్ళీ రావలసినవాళ్ళని ఆ రోజుకి పిలవండి. సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులు, కోతలు, దాళ్వా (రబీ వరి) కోతలు జరిగే వారాల్లో కూలి వదులుకుని ఎవరూ రారు. ఆ వారాల్లో రాకపోతే చికిత్స మానేశారని కేసు మూసేయకండి.

బడిలో పని మొదలుపెట్టినప్పుడు టీచర్లని "ఇబ్బంది పెట్టే పిల్లలు ఎవరు" అని అడిగితే అల్లరి మగపిల్లల పేర్లే వస్తాయి. నేను హాజరుపట్టీ అడిగి తీసుకుంటాను. ప్రతి సోమవారం రాని పిల్ల, మధ్యాహ్నం తర్వాత మాయమయ్యే పిల్లాడు, దసరా సెలవుల తర్వాత పది రోజులు ఆలస్యంగా వచ్చినవాళ్ళు అందులో కనిపిస్తారు. ఏ గొడవా లేని, ఎవరికీ గుర్తుండని పిల్లలే ఎక్కువ. ఆ పేర్లు పట్టుకుని టీచరుతో కూర్చుంటే, "అవునండోయ్, ఈ అమ్మాయి ఈమధ్య మాట్లాడటమే లేదు" అని వాళ్ళే అంటారు.

రహస్యం కాపాడటం నగరంలో తలుపు వేసుకుంటే అయిపోతుంది. ఇక్కడ మీ బండి ఏ ఇంటి ముందు ఆగిందో సాయంత్రానికి ఊరంతా తెలుసు. అందుకే ఒక్క ఇంటికి వెళ్ళాల్సి ఉన్నా నేను ఆశా కార్యకర్తతో కలిసి ఆ వీధిలో మూడు నాలుగు ఇళ్ళు ఎక్కి దిగుతాను. ఇంట్లో విడిగా గది ఉండదు. కొబ్బరి తోటలో నడుస్తూ మాట్లాడితే, అమ్మమ్మకి మనిషి కనిపిస్తూ ఉంటుంది, మాట వినపడదు. ఆడపిల్లలతో ఈ ఏర్పాటు బాగా కుదురుతుంది. బజార్లో పిల్లలు ఎదురైతే మీరు ముందు పలకరించకండి. వాళ్ళు పలకరిస్తే పలకండి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతని రోగి హక్కుగా గుర్తించింది. అయితే దానికి హద్దులున్నాయని మొదటిసారే పిల్లకీ పెద్దవాళ్ళకీ కలిపి చెప్పాలి. నీ ప్రాణానికి ముప్పుంటే, నీ వల్ల ఇంకొకరికి ముప్పుంటే, ఎవరైనా నిన్ను లైంగికంగా బాధపెడితే, ఈ మూడూ నేను దాచను అని. మూడోది మన చేతిలో లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 18 నిండనిదే ఇష్టప్రకారం అన్న మాట ఆ చట్టంలో చెల్లదు. ఊళ్ళో పెద్దమనుషులు పంచాయితీ పెట్టి "పెళ్ళి చేసేద్దాం, ఆడపిల్ల బతుకు, మీరు కలగజేసుకోకండి" అంటారు. గట్టిగా ఒత్తిడి పెడతారు. తలూపకండి. ఆ రోజు వచ్చేదాకా ఆగకుండా ముందే స్టేషన్‌లో ఎస్సైని, జిల్లా బాలల సంక్షేమ సమితివాళ్ళని కలిసి మొహం చూపించి రండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 అంకె బడి గోడ మీద రాయించండి. కంప్లయింటు ఇచ్చాక ఆ పిల్లని వదిలేయకపోవడం ఇంకా ముఖ్యం. ఊళ్ళో అందరూ ఆ పిల్లవైపే వేలు చూపించే నెలలు అవి.

ఫిట్స్ అని వచ్చే ఆడపిల్లల కేసులు మీకు తరచుగా వస్తాయి. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువుతూ దసరాకి ఇంటికొచ్చిన పిల్ల, తిరిగి వెళ్ళే ముందురోజు పళ్ళు గిట్టకరుచుకుని పడిపోతుంది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంది. చేతిలో ఇనప తాళాలు పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. మొదట అసలు మూర్ఛ కాదని తేల్చుకోవాలి. ఈసారి వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీయమనండి. మానసిక ఒత్తిడితో వచ్చేవాటిలో కళ్ళు గట్టిగా మూసుకుని ఉండటం, చాలాసేపు తగ్గుతూ పెరుగుతూ సాగడం ఎక్కువ. అసలు మూర్ఛలో సాధారణంగా కళ్ళు తెరిచే ఉంటాయి, నాలుక పక్కకి కరుచుకోవచ్చు. ఇవి గుర్తులే గానీ తీర్పు కాదు. కొందరికి రెండూ ఉంటాయి. డాక్టరుకి చూపించి, అవసరమైతే కాకినాడలో మెదడు పరీక్ష ఈఈజీ తీయించండి. తేలాక ఇంట్లోవాళ్ళకి ఎలా చెబుతారన్నదాని మీదే అంతా ఉంది. "ఏమీ లేదు, నటిస్తోంది" అన్నారంటే ఆ పిల్లకి ఆ ఇంట్లో నిలువ నీడ ఉండదు. "ఇది నటన కాదు, దయ్యమూ కాదు, మెదడు జబ్బూ కాదు. నోటితో చెప్పుకోలేని బాధ ఒంట్లోంచి వస్తోంది. తగ్గుతుంది" అని నేను చెబుతాను. పడిపోయినప్పుడు చుట్టూ గుమిగూడకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి ఒక్కరే దగ్గర ఉండమంటాను. ఆ చెప్పుకోలేని బాధ ఏమిటో పిల్ల చెప్పేది తర్వాత, తనకి వీలైనప్పుడు. అది మార్కులు కావచ్చు, హాస్టల్లో ఎవరో కావచ్చు, ఇంట్లో నిశ్చయించిన మేనరికం కావచ్చు.

అదే పిల్లని మంత్రగాడి దగ్గరికో, దర్గాకో, చర్చిలో ప్రార్థనకో తీసుకెళ్తారు. వెళ్ళొద్దని నేను చెప్పను. చెబితే మనకి చెప్పకుండా వెళ్తారు. ముగ్గురినీ ఒకటే అడుగుతాను: కొట్టొద్దు, పస్తు పెట్టొద్దు, మాత్రలు ఆపించొద్దు. పాస్టరుగార్లలో చాలామంది ఈ మాట వింటారు, తర్వాత తర్వాత వాళ్ళే పిల్లల్ని పంపిస్తారు. ఆరెంపీ కూడా అంతే. తిట్టుకుంటూ కూర్చుంటే మనకే నష్టం, అర్ధరాత్రి తలుపు తీసేది అతనే.

ఇక అన్నిటికంటే బరువైన సంగతి. ఏప్రిల్‌లో ఇంటర్ రిజల్ట్స్ వచ్చే వారం మీరు సెలవు పెట్టకండి, ఊరు వెళ్ళకండి. ఇక్కడ వరి చేలున్న ఇంట్లో, తోటలున్న ఇంట్లో పురుగుమందు డబ్బా మంచం కిందో పశువుల పాకలోనో చేతికందేలా ఉంటుంది. పిల్లల్లో ఆ ఆలోచన చాలాసార్లు నిమిషాల్లో వచ్చి, అడ్డుకుంటే గడిచిపోయేదే. అందువల్ల ఆ నిమిషాల్లో డబ్బా చేతికి దొరక్కపోవడమే ప్రాణం నిలబెడుతుంది. మార్చి నెలంతా నేను బడి మీటింగుల్లో, ఆశాల మీటింగుల్లో ఈ ఒక్క విషయమే చెబుతాను. మందు ఇంట్లో ఉంచొద్దు. చేలో షెడ్డులో పెట్టి తాళం వెయ్యండి. తాళం చెవి ఒక్క పెద్ద మనిషి మొలతాడుకే ఉండాలి. బెంగగా కనిపించిన పిల్లని "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం, అది నిజం కాదు. అడిగితే పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు, ఎవరో ఒకరు కనిపెట్టారని.

ప్రయత్నం చేసి బతికిన పిల్లలని ఆసుపత్రిలో ఒళ్ళు కుదుటపడగానే ఇంటికి పంపేస్తారు. మనసు సంగతి ఎవరూ ఎత్తరు. పోలీసు కేసవుతుందన్న భయంతో ఇంట్లోవాళ్ళు పొరపాటున తాగిందని రాయించబోతారు. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, దానికి శిక్షించకూడదు, పైగా ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత. ఇది ఇంట్లోవాళ్ళకి నెమ్మదిగా చెప్పండి. ఏరియా ఆసుపత్రి వార్డు సిస్టర్లతో స్నేహం చేసుకుని, ఇలాంటి పిల్ల డిశ్చార్జి అయ్యేలోపు మీకు ఫోను వచ్చేలా చూసుకోండి. ఇంటికెళ్ళాక మొదటి కొన్ని వారాలు ఒంటరిగా వదలకూడదు. మళ్ళీ ఎప్పుడు కలుస్తారో తారీఖు రాసి ఇవ్వాలి. మీరు దొరకని వేళకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసివ్వండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

పరీక్షలు, సర్టిఫికెట్ల పని మీకు విసుగనిపించొచ్చు. కానీ జనం మిమ్మల్ని మొదట నమ్మేది దానివల్లే. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో పిల్లకి శాతం వేయాలంటే తెలివితేటల పరీక్ష కావాలి. తెలివితేటలకి బినే కామత్, రోజువారీ పనుల సామర్థ్యానికి వైన్‌ల్యాండ్ స్కేలు, ఆటిజానికి ఐ.ఎస్.ఎ.ఎ., ఈ పరీక్షలు తెలుగులో తడుముకోకుండా చేయగలగాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజమూ, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందీ అందులో ఉన్నాయి. అంకె వేసేముందు పిల్లాడు ఇంట్లో ఏం చేయగలడో చూడండి. అక్షరం ముక్క రాని ఒక పిల్లాడు రొయ్యల చెరువు గట్టు మీద మేత ట్రే పైకి లాగి, మిగిలిన మేత చూసి, రేపు మేత తగ్గించాలో లేదో చెప్పగలడు. వాడికి బుద్ధిమాంద్యం ముద్ర వేసేముందు రెండుసార్లు ఆలోచించాలి. వాడిది చదువులో ఇబ్బంది మాత్రమే కావచ్చు, లేదా ఇంటి దగ్గర తెలుగూ కాన్వెంటులో ఇంగ్లీషూ మధ్య నలిగిపోవడమే కావచ్చు. మాట రాని చిన్నపిల్లల విషయంలో "మా ఆయనకీ ఐదేళ్ళకే మాటలొచ్చాయి" అని మామ్మలు ఊరడిస్తారు. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనకపోతే, పిలిస్తే తిరగకపోతే ఆగొద్దని గట్టిగా చెప్పండి. ముందు వినికిడి పరీక్ష. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి టీచర్లు ఓపికస్తులు, వాళ్ళతో కలిసి పనిచేయండి.

వరదల గురించి కొద్దిగా. గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాలకి ఏటా జూలై నుంచి సెప్టెంబరు దాకా రాకపోకలు తెగుతుంటాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అలాంటి వరద తర్వాత పక్క తడపడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, అమ్మని వదలకపోవడం చాలామంది పిల్లల్లో కొన్ని వారాలు ఉంటాయి. వాటికి జబ్బు పేరు పెట్టకండి. బడి తెరిపించడం, ఎప్పటిలా ఆడుకోనివ్వడం, ఇంట్లో అదే వేళకి అన్నం, నిద్ర, ఇవే మందు. రెండు నెలలు దాటినా తగ్గనివాళ్ళనే విడిగా చూడండి.

విద్య మొద్దుబారుతుందా అన్నారు. నగరంలో అయితే ఆటిజం వాళ్ళు ఆటిజమే, అడిక్షన్ వాళ్ళు అడిక్షనే చూస్తారు. ఇక్కడ ఒక్క పూటలో ఆటిజం, ఫిట్స్, బెట్టింగ్ యాప్‌లో డబ్బు పోగొట్టుకున్న పాలిటెక్నిక్ కుర్రాడు, గంజాయి, పక్క తడిపే పాప, అందరూ వస్తారు. చదవకుండా మీకు పూట గడవదు. కాకపోతే ఒంటరితనం నిజం. చేరేముందే మీకు నేర్పిన సీనియర్ ఒకరితో వారానికో గంట ఫోనులో కేసులు మాట్లాడుకునే ఒప్పందం చేసుకోండి. దాన్ని ఏ కారణానికీ మానకండి. మాత్రలు అవసరమైన పిల్లల్ని పంపడానికి ఒక సైకియాట్రిస్టు కావాలి. కాకినాడలోనో రాజమండ్రిలోనో ఒకరిని ఎంచుకుని వాళ్ళ ఓపీలో ఒక వారం కూర్చోండి. మీరు రాసే చీటీ వాళ్ళకీ, వాళ్ళు రాసేది మీకూ అర్థం కావాలి. ఇక్కణ్ణించి కాకినాడ వెళ్ళిరావాలంటే ఒక మనిషికి ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి ఊరికే పంపకండి, పంపినప్పుడు ఏ రోజు ఏ డాక్టరు ఉంటారో కనుక్కుని పంపండి.

జీతం విషయం నిర్మొహమాటంగా మాట్లాడుకోండి, బండి పెట్రోలు ఖర్చు విడిగా అడగండి. రావాలనుకుంటే మే నెలలో చేరండి. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఆ నెలరోజులూ కొత్త కేసులు పెట్టుకోకుండా ఆశాలతో, ఏ.ఎన్.ఎం.లతో ఊళ్ళు తిరగండి. వరద రాకముందే లంకలన్నీ చూసి రావచ్చు. ఇల్లు అమలాపురంలోనే తీసుకోండి. రాజోలు, ముమ్మిడివరం, రావులపాలెం, కాకినాడ, ఎటు వెళ్ళాలన్నా బస్సు అక్కడ దొరుకుతుంది.